అల్యూమినియం ఫ్రేమ్ బుల్లి .38 రివాల్వర్, చాన్నాళ్ళు వాడాక నా గోల

"పిస్టల్ అయితే జామ్ అవుతుంది, రివాల్వర్ ఎప్పుడూ జామ్ అవ్వదు" అనే మాట ఇంకోసారి నా ముందు ఎవరైనా అంటే కూర్చోబెట్టి క్లాసు పీకుతా. నాది ఐదు తూటాల .38 రకం (.38 అంటే తూటా సైజు), అల్యూమినియం ఫ్రేమ్, స్టీల్ సిలిండర్, అంటే తూటాలు పెట్టే తిరిగే భాగం, రెండంగుళాలకి కాస్త తక్కువ బారెల్, తూటాని పేల్చే హ్యామర్ లోపల దాక్కుని ఉంటుంది. కంపెనీ పేరు చెప్పట్లేదు, ఎందుకంటే నా కోపం కంపెనీ మీద కాదు, ఈ తూకంలో ఎవరు చేసినా ఇదే కథ. మిగతా స్పెక్కులు మీకు తెలిసినవే, వదిలేద్దాం.

ముందు మంచి మాట చెప్పేస్తా. ఖాళీగా 425 గ్రాముల దాకా ఉంటుంది. ఇదే సైజు స్టీల్‌ది 550 దాకా వస్తుంది. ఆ మాత్రం తేడాకి ఏముందిలే అనిపిస్తుంది గానీ పొద్దున్నుంచి రాత్రి దాకా ప్యాంటు జేబులో వేసుకు తిరిగితే తెలుస్తుంది. స్టీల్‌ది నడిచినప్పుడల్లా తొడకి కొట్టుకుంటుంది, ప్యాంటు ఒక పక్కకి జారిపోతుంటుంది. ఇది జేబు హోల్‌స్టర్‌లో పెట్టుకుంటే కాసేపటికి ఉన్న సంగతే గుర్తుండదు. అంచులు గుండ్రంగా ఉంటాయి, వెనక హ్యామర్ పొడుచుకు రాదు, తీసేటప్పుడు గుడ్డకి తగులుకోదు, బయటికి ఫోనో పర్సో ఉన్నట్టే కనిపిస్తుంది. పెద్ద తుపాకీ కొనుక్కుని బరువని ఇంట్లో బీరువాలో పెట్టి తిరిగేవాళ్ళని చాలామందిని చూశా, ఇది మాత్రం అలా ఇంట్లో ఉండిపోదు. ఈ ఒక్క విషయంలో దీనికి వంక పెట్టలేను.

వంకంతా కాల్చినప్పుడే. తూటా అదే, తుపాకీ బరువు సగానికి తగ్గితే చేతికి వచ్చే తన్నుడు శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది, ఇందులో ఏ మాయా లేదు. ఈ తేలిక పిచ్చి కూడా ఇవాళ్టిది కాదులెండి. స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు 1950లో చీఫ్స్ స్పెషల్ అని స్టీల్‌తో బుల్లి రివాల్వర్ తెచ్చారు, కొన్నాళ్ళకే అల్యూమినియం ఫ్రేమ్‌వీ వచ్చాయి. అమెరికా వైమానిక దళం ఇంకో అడుగు ముందుకేసి విమాన సిబ్బంది కోసం సిలిండర్ కూడా అల్యూమినియంతోనే చేయించుకుంది. మామూలు .38 తూటాల ప్రెషర్‌కి ఆ సిలిండర్లు తట్టుకోలేదు, ఎం41 అని తక్కువ ప్రెషర్ తూటా విడిగా చేయించుకోవాల్సి వచ్చింది, చివరికి వాటిలో చాలావాటిని వెనక్కి తీసుకుని ధ్వంసం చేసేశారు. ఇప్పటివాటికి స్టీల్ సిలిండర్ ఉంది కాబట్టి అది పగలదు, ఆ దెబ్బేదో మన చేతికీ, సిలిండర్‌లో ఇంకా కాల్చకుండా మిగిలిన తూటాలకీ పడుతుంది. చేతి సంగతి కొనేటప్పుడే అందరూ చెప్తారు. తూటాల సంగతి ఎవ్వరూ చెప్పరు, నా కడుపు మంటంతా అదే.

జరిగింది ఇదీ. కాల్పులు ప్రాక్టీసు చేసే రేంజ్‌లో తూటాల కొత్త బాక్సు తెరిచా, 158 గ్రెయిన్ల (బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో చెప్తారు) సీసం బుల్లెట్, బాగా పేరున్న రకమే. నాలుగు పేలాయి, చెయ్యి చుర్రుమంది, అది మామూలే. ఐదోదానికి ట్రిగ్గర్ లాగితే సగం దాకా వచ్చి గోడకి ఆనినట్టు ఆగిపోయింది. వదిలి మళ్ళీ లాగా, అంతే. సిలిండర్ తిరగట్లేదు, పక్కకి తెరుద్దామంటే తెరుచుకోవట్లేదు. పిస్టల్ అయితే స్లైడ్ లాగి తూటా బయటికి దులిపేస్తాం, దీనికి అలాంటి ఉపాయమేమీ లేదు, లోపల పేలని తూటా ఒకటి, బారెల్ టార్గెట్ వైపే పెట్టుకుని కదలకుండా నిలబడి రేంజ్ వాళ్ళని పిలవడమే. ఒక పెద్దాయన వచ్చి, ముందు నుంచి కాకుండా పక్క నుంచి సిలిండర్ ముందు సందులోకి టార్చి వేసి చూసి నవ్వాడు. ఆ ఐదో తూటాలో ముందుండే సీసం ముక్క, అదే బుల్లెట్, తన కేసులోంచి, అంటే దాన్నీ మందునీ పట్టుకుని ఉండే లోహపు గొట్టంలోంచి, ముందుకి జరిగి సిలిండర్ బయటికి పొడుచుకొచ్చి ఫ్రేమ్‌కి అడ్డం పడింది. ఆయన ఓపిగ్గా చాలాసేపు తంటాలు పడితే గానీ తెరుచుకోలేదు. బయటికి తీశాక పక్కన కొత్త తూటా పెట్టి చూస్తే పొడవు తేడా కంటికే తెలిసిపోతోంది.

ఎందుకలా అంటే, తుపాకీ వెనక్కి తన్నినప్పుడు కేసుల అంచులు సిలిండర్‌కి పట్టుకుని ఉంటాయి కాబట్టి అవీ దాంతోపాటే వెనక్కి పోతాయి, బుల్లెట్ బరువైంది కదా, అది ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. దాన్ని ఆపేది కేసు మూతిని చుట్టూ నొక్కి బిగించిన క్రింప్ ఒక్కటే. బరువు తుపాకీలో ఆ కుదుపు తక్కువ, క్రింప్ ఆపేస్తుంది. తేలికదాంట్లో ప్రతి దెబ్బకీ ఇంచుక ఇంచుక జరుగుతూ ఆఖరి తూటాకి వచ్చేసరికి ఇదిగో ఇలా. అదే బాక్సు తూటాలు స్టీల్ రివాల్వర్‌లో వేస్తే ఏమీ కాలేదు, అంటే తూటా చెడ్డదనీ అనలేం, తుపాకీ చెడ్డదనీ అనలేం, రెండిటికీ జాతకాలు కలవలేదంతే. రిపేరు చేయించడానికి కూడా అందులో ఏమీ లేదు, అదే ఒళ్ళు మండించేది.

అప్పట్నుంచి కొత్త రకం తూటా ఏది తెచ్చినా ముందు కొలుస్తున్నా. .38 స్పెషల్ తూటా మొత్తం పొడవు 39.4 మిల్లీమీటర్లు దాటకూడదు. ఒకదాన్ని కాలిపర్‌తో (మిల్లీమీటరులో వంతులు కూడా చూపే కొలత పరికరం) కొలిచి, కేసు మీద మార్కర్‌తో గీత పెట్టి, అది ఆఖర్న వచ్చేలా లోడ్ చేసి, ముందు నాలుగూ కాల్చి, దాన్ని తీసి మళ్ళీ కొలవాలి. పొడవు పెరిగిందంటే ఆ రకం ఈ తుపాకీకి పనికిరాదు.

ఈ వెతుకులాటలో అనుకోకుండా దొరికింది వాడ్‌కట్టర్ అనే రకం తూటా. 148 గ్రెయిన్లు, ముక్కు చదునుగా ఉంటుంది, కాగితం మీద పంచింగ్ మెషీన్‌తో కొట్టినంత నీటుగా గుండ్రటి చిల్లు పెడుతుంది. అది టార్గెట్ కాల్చుకునేవాళ్ళ సరుకులే అని అన్నాళ్ళూ దాని వంక చూడలేదు. లోపల తుపాకి మందు తక్కువ కాబట్టి తన్నుడు బాగా తగ్గిపోయింది, ఐదూ కాల్చాక కూడా మళ్ళీ లోడ్ చేద్దామని మనసు పుట్టింది, ఈ తుపాకీతో ఆ కోరిక పుట్టడం అదే మొదలు. ఇంకో లాభం ఏంటంటే ఇందులో బుల్లెట్ మొత్తం కేసు లోపలే మునిగి ఉంటుంది, కేసు పొడవే 29 మిల్లీమీటర్ల చిల్లర, సిలిండర్‌లో ముందు బోలెడు ఖాళీ, ఒకవేళ కాస్త జరిగినా బయటికి పొడుచుకొచ్చే దాకా రాదు. ఇబ్బంది ఒకటుంది, చదును ముక్కు కాబట్టి కంగారులో రీలోడ్ చేస్తే చాంబర్ (సిలిండర్‌లో తూటా దూర్చే రంధ్రం) అంచుకి తట్టుకుంటుంది, రెండో విడతకి నేను మామూలు గుండ్రటి ముక్కువే పెట్టుకుంటా, కొలిచి పాసైన రకం.

పైన ఉన్న సంగతే గుర్తుండదు అన్నా కదా, దాన్ని కాస్త సవరించాలి. గుర్తుండకపోతే తుడవం కూడా. జేబులో నూలు, దుమ్ము ఎంత పోగవుతుందో ఊహించలేరు, ఖాళీ కేసుల్ని బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు ఎక్స్‌ట్రాక్టర్ కింద, బారెల్‌లో, ట్రిగ్గర్ వెనక, అంతటా. చెమటకి సిలిండర్ మీద మచ్చలు కూడా వచ్చాయి. తన్నుడుకి స్క్రూలు వదులవుతాయి, గ్రిప్ స్క్రూ ముఖ్యంగా. ఆ ఎక్స్‌ట్రాక్టర్‌ని తోసే ఎజెక్టర్ రాడ్ పొట్టిది కాబట్టి ఖాళీ కేసులు పూర్తిగా బయటికి రావు, బారెల్ పైకెత్తి గట్టిగా అరచేత్తో కొట్టాలి, మెల్లగా తోస్తే ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఏడిపిస్తుంది. హోల్‌స్టర్ లేకుండా జేబులో వేసుకోవడం, అదే జేబులో తాళాలు వేసుకోవడం మాత్రం వద్దే వద్దు, ట్రిగ్గర్ లాగడానికి ఎంత బరువుగా ఉన్నా సరే.

పిడి వెనక భాగం కూడా కప్పేసే పెద్ద రబ్బరు గ్రిప్ వేసి చూశా, చేతికి హాయిగా ఉంది, కానీ జేబులోంచి తీస్తుంటే రబ్బరు గుడ్డని పట్టేస్తోంది, మళ్ళీ చిన్నదే వేశా. ఇంకా తేలికైనవీ ఉన్నాయి, స్కాండియం కలిపిన అల్యూమినియం ఫ్రేమ్‌తో 340 గ్రాముల దరిదాపుల్లో, పైగా .38 కంటే బాగా శక్తి ఎక్కువున్న .357 మ్యాగ్నమ్ తూటాలు వేసుకోవచ్చట. తెలిసినాయనది అడిగి ఒకటి కాల్చా, రెండోది వద్దని మర్యాదగా తిరిగిచ్చేశా.

కొనమంటావా అంటే సూటిగా చెప్పలేను. నాకు బొటనవేలి కీలు ముందునుంచీ నొప్పే, రేంజ్‌కి వెళ్ళేదీ తక్కువే, పల్చటి బట్టలు వేసుకుంటా, బెల్టు మీద ఏదీ మోయలేను, కాబట్టి నాకిది కుదిరింది, అదీ వాడ్‌కట్టర్ దొరుకుతున్నంత కాలం. మొదటి తుపాకీ కొనేవాళ్ళకీ, నేర్చుకోవడానికీ అయితే నేను ఇవ్వను, మా ఇంట్లోనే ఒకరు ఒక్కటి కాల్చి మళ్ళీ దాని జోలికి రాలేదు. బెల్టు మీద పెట్టుకునే అలవాటున్నవాళ్ళు ఆ నూటపాతిక గ్రాములు భరించి స్టీల్‌దే తీసుకోండి. లేదు ఇదే కావాలంటే తుపాకీతో పాటు ఒక కాలిపర్ కూడా కొనుక్కోండి, షాపువాడు "అదెందుకు సార్" అంటాడు, పట్టించుకోకండి.