కారుకు విడిగా పెట్టించిన టెంపరేచర్ మీటరు: హనుమకొండ షెడ్డు పనితనం, మూడు నెలల అనుభవం

నా కారులో ఇంజన్ వేడిని చూపే ముల్లు లేదు. 2012లో కొన్న ఈ చిన్న బండికి రెండు దీపాలతో సరిపెట్టారు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు నీలం దీపం, వేడి హద్దు మీరాక ఎర్ర దీపం వెలుగుతాయి. ఆ రెంటికీ మధ్య ఏం జరుగుతున్నదో నడిపేవాడికి తెలిసే వీలు లేదు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్తూ పస్రా దాటాక మూడు గంటలు నత్తనడకన సాగినప్పుడు రేడియేటర్ ఫ్యాన్ మోటారు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు. ఎర్ర దీపం వెలిగాక బండిని పక్కకు తీసేలోపే బానెట్ కింద నుంచి ఆవిరి వచ్చింది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు) మార్చి, హెడ్‌ను లేత్ షాపులో చదును చేయించి, బండి మళ్లీ రోడ్డెక్కేసరికి 14,500 రూపాయలు ఖర్చయ్యాయి. అందుకే గత మార్చిలో, ఎండలు ముదరకముందే, విడిగా ఒక మీటరు పెట్టించుకున్నాను.

ఈ మీటర్లలో రెండు రకాలున్నాయి. ట్రాక్టర్లలో ఎక్కువగా కనిపించే పాత రకంలో ఇంజన్ దగ్గరి బుడ్డి నుంచి డయల్ దాకా సన్నని రాగి గొట్టం ఉంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు గానీ, గొట్టం ఒక్కచోట మడత పడితే మీటరు మొత్తం పనికిరాకుండా పోతుంది. రెండో రకం ఎలక్ట్రికల్ మీటరు. దాని సెన్సార్‌లో ఉండే చిన్న పూస వేడెక్కినకొద్దీ కరెంటుకు అడ్డు తగ్గిస్తుంది, ఆ తగ్గుదలను మీటరు డిగ్రీలుగా చూపుతుంది. నేను రెండో రకమే ఆన్‌లైన్‌లో 1,900 రూపాయలకు కొన్నాను. పేరున్న బ్రాండు కాదు. డయల్ 52 మిల్లీమీటర్లు, కొలత 40 నుంచి 150 డిగ్రీల వరకు.

బ్రాండు లేని సరుకు కనుక బిగించకముందే పరీక్షించడం మంచిదనిపించింది. వంటింట్లో స్టీలు గిన్నెలో నీళ్లు మరిగించి, సెన్సార్‌ను తీగతో వేలాడదీసి, మీటరును పాత బ్యాటరీకి కలిపాను. ఈ సెన్సార్‌కు ఒకే వైరు ఉంటుంది, రెండో దారి దాని ఇత్తడి ఒంటి నుంచే పోవాలి కాబట్టి, నల్ల వైరు ఒకటి ఆ ఇత్తడికి క్లిప్పుతో పట్టించి బ్యాటరీ నెగటివ్‌కు కలపవలసి వచ్చింది. మన ఊరున్న ఎత్తులో నీళ్లు 99 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ముల్లు 97 మీద నిలిచింది. ఆ ధరకు అంతకంటే కచ్చితత్వం ఆశించలేము. గిన్నెను మాత్రం ఇంట్లో మళ్లీ వంటకు వాడనివ్వలేదు.

బిగించింది ములుగు రోడ్డు పక్క సందులో ఉన్న ఒక షెడ్డులో. పైపు పని చేసిన పెద్ద మెకానిక్ పనితనం గురించి చెప్పాలి. ఇంజన్ నుంచి రేడియేటర్‌కు వేడి నీళ్లు తెచ్చే పై హోస్ పైపును కోసి, మధ్యలో అల్యూమినియం అడాప్టర్ పెట్టి, సెన్సార్‌ను అందులో బిగించడం ఈ పనిలో ముఖ్యమైన భాగం. అడాప్టర్లు 28 నుంచి 40 మిల్లీమీటర్ల వరకు వేర్వేరు సైజుల్లో దొరుకుతాయి. ఆయన అంచనా మీద పోకుండా, పైపు విప్పి, లోపలి కొలత వెర్నియర్ కొలబద్దతో చూసి, 32 సైజు తెప్పించారు. ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టనివ్వలేదు. దింపిన కూలెంట్‌ను (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) శుభ్రమైన టబ్బులో పట్టారు, కొత్త బ్లేడుతో పైపును వంకర పోకుండా అడ్డంగా కోశారు, అడాప్టర్ పొడవు కంటే కాస్త తక్కువ ముక్క మాత్రమే తీసి పైపు మడత పడకుండా చూశారు. సెన్సార్ మర (థ్రెడ్) మీద టెఫ్లాన్ టేపు రెండు చుట్లకు మించి చుట్టలేదు. సెన్సార్‌ను పైకి కాక పక్కకు తిప్పి ఎందుకు పెడుతున్నారని అడిగితే, "సారూ, పైకి పెడితే గాలి బుడగ అండ్లనే నిలుస్తది, మీటరు గాలి వేడి చూపిస్తది" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది. తర్వాత హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి, మూత తెరిచి ఇంజన్ నడుపుతూ, పైపును చేత్తో పిసుకుతూ గాలంతా పోయేదాకా కూలెంట్ పోశారు. తగ్గినంత మేరకు డబ్బా కూలెంటే వాడారు. బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో సున్నపు పొర కడుతుందని తెలిసినా షెడ్డుల్లో చాలామంది పక్కనున్న పంపు పైపునే అందుకుంటారు; ఇక్కడ అలా జరగలేదు.

వైరింగ్ దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. ఆ పని ఒక కుర్రాడికి అప్పగించారు. అతను స్టీరియో వైరును కోసి దాని నుంచే మీటరుకు కరెంటు లాగాడు, మధ్యలో ఫ్యూజు పెట్టలేదు, అతుకులను మెలిపెట్టి టేపు చుట్టాడు. ఇంజన్ వేడికి ఆ టేపు జిగురు నెల తిరగకముందే కరిగి జారింది. ఇంజన్ గది నుంచి లోపలికి వచ్చే రేకు రంధ్రంలో, అంచు వైరును కోయకుండా ఉంచే రబ్బరు బుష్ లేకుండానే వైరు దూర్చాడు. రెండు గంటల పని అని చెప్పి ఉదయం పదకొండుకు మొదలుపెట్టినది దీపాల వేళకు ముగిసింది.

అసలు లోపం మరునాడు బయటపడింది. అడాప్టర్ రెండు వైపులా రబ్బరు పైపే ఉంటుంది కనుక సెన్సార్ ఒంటికి దానంతట అది ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి) దొరకదు. అడాప్టర్‌కు విడిగా ఒక ఎర్త్ వైరు వేయాలి. వైరు వేశారు గానీ, దాన్ని రేడియేటర్ ఫ్యాన్, హెడ్‌లైట్ల ఎర్త్ వైర్లున్న బోల్టుకే కలిపారు. ఫలితంగా ముల్లు 94 దగ్గరికి వచ్చి, ఫ్యాన్ తిరగడం మొదలైన మరుక్షణమే 84కు పడిపోయేది. మొదట నేను మురిసిపోయాను, ఫ్యాన్ ఇంత చక్కగా పనిచేస్తున్నదా అని. రాత్రి హెడ్‌లైట్లు వేసినప్పుడూ ముల్లు అలాగే పడిపోవడంతో అనుమానం వచ్చింది. దీపం వేస్తే నీళ్లు చల్లబడవు కదా. నీళ్ల వేడి క్షణంలో పది డిగ్రీలు దిగదు; ఆ బోల్టు గుండా పెద్ద కరెంటు పోయినప్పుడల్లా సెన్సార్ ఎర్త్‌లో వోల్టేజీ తేడా వచ్చి మీటరు తక్కువ చూపుతున్నదన్నమాట. ప్రమాదమేమిటంటే, బండి బాగా వేడెక్కి ఫ్యాన్ తిరిగే సమయంలోనే అది తక్కువ చూపుతుంది.

షెడ్డుకు తీసుకెళ్తే కుర్రాడు, "ఫ్యాన్ తిరగంగనే వేడి దిగుతది కద సార్, ఫ్యాన్ ఉన్నదే అందుకు" అన్నాడు. పెద్ద మెకానిక్ మాత్రం మాట్లాడకుండా హెడ్‌లైట్లు వేసి తీసి రెండుసార్లు చూసి, "ఎర్త్ కలిసిపోయిందిరా, విప్పు" అన్నారు. అడాప్టర్ నుంచి ఒక వైరు, మీటరు నుంచి ఒక వైరు, రెండూ నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు తెచ్చి ఒకే చోట బిగించారు. ఇరవై నిమిషాలు పట్టింది, డబ్బులు తీసుకోలేదు. ఆ రోజు నుంచి ముల్లు ఫ్యాన్ వేసినా, లైట్లు వేసినా కదలలేదు. స్టీరియో అతుకు తీయించి, తాళం తిప్పితేనే వచ్చే ఇగ్నిషన్ కరెంటుకు మార్చి, ఫ్యూజు పెట్టించే పని తర్వాత వేరే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర చేయించుకున్నాను.

కొత్తగా పెట్టించుకునేవారు కంగారు పడకుండా ఒక విషయం చెప్పాలి. మా బండిలో థర్మోస్టాట్ (వేడెక్కాకే తెరుచుకునే కవాటం) ఇంజన్ నుంచి నీళ్లు బయటికి వచ్చే చోట ఉంది. అది తెరుచుకునేదాకా పై పైపులోకి వేడి నీళ్లు రావు కాబట్టి ఉదయం మొదటి అయిదారు నిమిషాలు ముల్లు అడుగునే పడి ఉండి, తర్వాత ఒక్కసారిగా 80 దాటుతుంది. అది లోపం కాదు. ఆ తర్వాత హైదరాబాద్ రోడ్డు మీద స్థిరంగా నడిపినప్పుడు 86, ఊళ్లో ఏసీ వేసుకుని తిరిగినప్పుడు 90 నుంచి 95 మధ్య, ఇదీ నా బండి వాలకం. ఎవరి బండి సంఖ్య వారు మొదటి వారంలోనే గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మీటరు పనికొచ్చేది ఆ సంఖ్య తప్పినప్పుడే.

మే నెలలో ఒక మధ్యాహ్నం కాజీపేట వైపు ట్రాఫిక్‌లో నిలిచినప్పుడు ముల్లు 96 దాటినా ఫ్యాన్ శబ్దం రాలేదు. 101 దగ్గర ఏసీ కట్టేసి, ఇంజన్ వేడిని కొంత లాగేందుకు హీటర్ పూర్తిగా తిప్పి, అద్దాలు దించి, ఆ వడగాడ్పులో చెమటలు కక్కుతూ పక్కకు తీసుకెళ్లి ఆపాను. ఎర్ర దీపం అప్పటికీ వెలగలేదు. చూస్తే ఫ్యాన్ ఫ్యూజు కొట్టేసింది. మార్చుకుని ఇంటికొచ్చాను.

అయినా ఎర్ర దీపాన్ని మరచిపోవడానికి వీల్లేదు. కూలెంట్ కారిపోయి పై పైపు ఖాళీ అయితే సెన్సార్ నీళ్లలో కాక గాలిలో ఉంటుంది, ఇంజన్ మాడిపోతున్నా ముల్లు కిందికి దిగుతుంది. నడుస్తున్న బండిలో ముల్లు కారణం లేకుండా 60కి పడితే, 110కి ఎక్కినంత తొందరగానే బండి ఆపాలి. ఈ మీటరులో హెచ్చరిక శబ్దం కూడా లేదు, చూస్తేనే తెలుస్తుంది. రాత్రిపూట డయల్ చుట్టూ నీలి వెలుగు మరీ ఎక్కువై అద్దం మీద పడుతుంటే అంచున నల్ల టేపు అంటించాను.

మీటరుకు 1,900, అడాప్టర్‌కు 350, కూలెంట్‌కు 300, కూలి 800, కలిపి 3,350 రూపాయలు. ఎలక్ట్రీషియన్ ఖర్చు దీనికి అదనం. 2013 ఏప్రిల్ తర్వాతి బండి ఉన్నవారు పైపు కోయించే ముందు స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (మెకానిక్‌లు ఇంజన్ లోపాలు చదివే చోటుకు) చిన్న బ్లూటూత్ పరికరం పెట్టి, ఇంజన్ కంప్యూటర్ చూసే వేడినే ఫోన్‌లో చూసుకోవచ్చు. మా పక్కింటాయన అలాగే చూసుకుంటున్నారు. నాకు మాత్రం పైపు పని మళ్లీ పడితే ఆ పెద్ద మెకానిక్ దగ్గరికే వెళ్తాను, వైరు ముట్టుకోవద్దని ముందే చెప్పి. రేకు రంధ్రంలో రబ్బరు బుష్ ఇంకా పడలేదు. కొని డాష్‌బోర్డు అరలో పెట్టుకుని తిరుగుతున్నాను.