ఫుల్ ట్యాంక్ కొట్టిస్తేనే ఆగిపోయే పికప్: పీలేరు భాయ్ షెడ్డులో దొరికిన జబ్బు

మాది మదనపల్లె దగ్గర పల్లె. డీజిల్ పికప్ ఉంది. టమాటా సీజన్‌లో వారానికి నాలుగైదు ట్రిప్పులు తిరుపతికి వేస్తాను. ఈ రివ్యూ పీలేరులో తిరుపతి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పనిచేసే ఒక పెద్ద భాయ్ గురించి. షెడ్డుకు బోర్డు లేదు. నాలాగా డీజిల్ బండి మీద బతికేవాళ్లకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

మొదటిసారి బండి మొరాయించింది భాకరాపేట ఘాట్‌లో. తిరుపతిలో సరుకు దించి, చంద్రగిరి దగ్గర ఫుల్ ట్యాంక్ కొట్టించి, ఖాళీ క్రేట్లతో తిరిగి వస్తున్నాను. రంగంపేట దాటి ఘాట్ మొదలయ్యేసరికి బండి లాగడం తగ్గింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లేవదు. రెండో గేర్‌లో కూడా ఈడ్చుకుంటూ పోయి, ఒక మలుపులో ఆగిపోయింది. పక్కకు తోసి అరగంట కూర్చున్నాక స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. కొంచెం దూరం పోయాక మళ్లీ అదే కథ. డీజిల్ కల్తీ అనుకుని ఆ బంకును తిట్టుకుంటూ ఇల్లు చేరాను.

తర్వాత నేను రెగ్యులర్‌గా పోయే గ్యారేజీలో చూపించాను. డీజిల్ ఫిల్టర్ మార్చారు. పది రోజులకు మళ్లీ ఆగింది. ఇంకోసారి ఫిల్టర్ మార్చి, ట్యాంక్ దించి కడిగి, 10 లీటర్లు పోసి ట్రయల్ చూశారు. బ్రహ్మాండంగా పోయింది. వారం తిరక్కుండా మళ్లీ మొదలు. ఈసారి ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పాలి, 22,000 దాకా అవుతుందన్నారు. అప్పటికి రెండు ఫిల్టర్లకు 2,300, ట్యాంక్ కడగడానికి 2,500 ఇచ్చి ఉన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

భాయ్ దగ్గరికి నేను కావాలని పోలేదు. 60 క్రేట్ల లోడుతో అర్ధరాత్రి బయల్దేరితే కలికిరి దగ్గర బండి చచ్చింది. ఆగుతూ, లేస్తూ తెల్లారేసరికి పీలేరు చేరాను. టీ అంగడి ఆయన చెయ్యి చూపించి, 'అదిగో ఆ షెడ్డు, భాయ్ లేచే ఉంటాడు పో' అన్నాడు. ముందు సరుకు పంపాలి కాబట్టి వేరే బండి మాట్లాడి క్రేట్లు ఎక్కించేశాను. మార్కెట్‌కు ఆలస్యంగా చేరితే ధర ఎంత పడిపోతుందో టమాటా వేసిన ప్రతి రైతుకూ తెలుసు.

భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. బానెట్ ఎత్తలేదు. స్పానర్ పట్టలేదు. ఒక స్టూల్ వేసి నన్ను కూర్చోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న ఇది:

'నాయనా, బండి ఆగేది ట్యాంక్ ఫుల్లుగా ఉన్నప్పుడా, సగానికి వచ్చినాకనా?'

నేను అంతవరకూ అలా ఆలోచించలేదు. ఒక్కొక్కటీ గుర్తు చేసుకున్నాను. చంద్రగిరిలో ఫుల్ కొట్టించాక. మదనపల్లెలో ఫుల్ కొట్టించాక. ఈ రాత్రి కూడా అంతే. సగం ట్యాంకుతో ఎప్పుడూ ఆగలేదు.

'బంకులో డీజిల్ కొట్టేటప్పుడు గన్ ఊరికూరికే కట్ అవుతుందా? నురగ బయటికి తంతుందా?'

అవును భాయ్ అన్నాను. బంకు పిల్లోడు రెండు మూడుసార్లు ఆ మాట అన్నాడు కూడా. నేను గన్ బాగాలేదనుకున్నాను.

'ట్యాంక్ మూత ఎప్పుడు మార్చినావు?'

ఇది అడగ్గానే నాకు గుండె ఝల్లుమంది. రెండు నెలల కింద పాత మూత బంకులోనే మర్చిపోయి, తాళం మూత ఒకటి 150 రూపాయలకు కొన్నాను. డీజిల్ దొంగతనం కూడా ఆగుతుందనుకున్నాను.

భాయ్ కొడుకు నా పక్కన కూర్చున్నాడు. లోడు లేకపోయినా భాకరాపేట వైపు బండి తీశాం. ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ డల్ అయింది. 'ఇంజన్ ఆపొద్దన్నా, రన్నింగ్‌లోనే ఉంచు' అని దిగి, నన్నూ పిలిచాడు. మూత దగ్గర చెవి పెట్టమని నెమ్మదిగా తాళం తిప్పాడు. హుస్స్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. ఐదారు సెకన్లు ఆ చప్పుడు. వెంటనే కింద ప్లాస్టిక్ ట్యాంక్ పక్క టక్‌మని బయటికి పొంగింది. అంతసేపూ అది లోపలికి నొక్కుకుపోయి ఉందని అప్పుడు తెలిసింది. కుంటుతున్న ఇంజన్ అరనిమిషంలో నిలకడకు వచ్చింది.

సంగతి ఏమిటంటే, ట్యాంకులోంచి లీటరు డీజిల్ పోతే లీటరు గాలి లోపలికి రావాలి. రాకపోతే లోపల వాక్యూమ్ తయారవుతుంది, పంపు డీజిల్ లాగలేదు. నాది 60 లీటర్ల ట్యాంక్. నిండా కొట్టిస్తే పైన మిగిలే గాలి మూడు లీటర్లు అనుకోండి. ఒక లీటరు డీజిల్ ఖర్చయితే ఆ మూడు లీటర్ల గాలే నాలుగు లీటర్ల జాగాలో సాగాలి. లోపలి ఒత్తిడి నాలుగో వంతు పడిపోతుంది. అదే సగం ట్యాంకులో 30 లీటర్ల గాలి ఉంటుంది, అది 31 కావడం ఒక లెక్క కాదు. ఘాట్‌లో లోడుతో లీటరు తాగడానికి పది కిలోమీటర్లు చాలు. గ్యారేజీ వాళ్లు 10 లీటర్లతో ట్రయల్ చూస్తే బండి ఎందుకు బాగా పోయిందో ఇక్కడ అర్థమైంది. కాసేపు ఆపితే సందుల్లోంచి కొంచెం కొంచెం గాలి దూరి, మళ్లీ స్టార్ట్ అయ్యేది.

షెడ్డుకు తిరిగి వచ్చాక భాయ్ బీడీ ఆర్పి ట్యాంక్ పైనున్న గాలి పైపు విప్పాడు. ట్యాంక్ నుంచి వచ్చే ఆ సన్నటి రబ్బరు పైపు రెండు కొమ్మలవుతుంది. ఒకటి డీజిల్ పోసే గొట్టానికి, ఒకటి బయటి గాలికి. బయటి కొమ్మను పట్టే క్లిప్పు విరిగి, కొన వెనక టైరుకు ఎదురుగా వేలాడుతోంది. పొలాల దారుల్లో టైరు చిమ్మిన ఎర్రమట్టి అంతా అందులోకే పోయింది. భాయ్ ఒక సైకిల్ చువ్వ దూర్చి తిప్పి తిప్పి లాగాడు. కొమ్మ చీలే చోటి నుంచి సుద్దముక్కంత గట్టి మట్టిముద్ద బయటికొచ్చింది. నా అరచేతిలో పెట్టాడు. డీజిల్ వాసనతో, ఇటుక ముక్కలా ఉంది. డీజిల్ పోసేటప్పుడు ట్యాంకులోని గాలి బయటికి రావాల్సింది కూడా ఈ పైపులోంచే, అందుకే బంకులో గన్ కట్ అయ్యేది, నురగ తన్నేది.

పాత మూతలో చిన్న వాల్వు ఉండేది. పైపు మూసుకుపోయినా గాలి అక్కడి నుంచి పోయేది. అందుకే ఎన్నాళ్ల నుంచి పైపు మూసుకుపోయి ఉందో నాకు తెలియనే లేదు. తాళం మూతకు ఆ వాల్వు లేదు. భాయ్ దాన్ని గుడ్డతో తుడిచి నోటితో ఊది చూపించాడు, పిసరు గాలి పోలేదు. నేను తాళం వేసింది దొంగకు కాదు, గాలికి.

నాకు బాగా నచ్చింది ఆయన జాగ్రత్త. కొడుకు కంప్రెసర్ గన్ తెస్తే ట్యాంక్ వైపు కొట్టనివ్వలేదు. పైపును రెండు వైపులా విడదీసి, చేతిలో పట్టుకునే ఊదించాడు. ట్యాంకులోకి ఆ ప్రెజర్ కొడితే పగులుతుందన్నాడు. పాత పైపు మెత్తబడిందని కొత్తది వేశాడు. కొనను ఛాసిస్ పైకి తీసుకుపోయి, చేతికర్ర పిడిలా కిందికి వంచి కట్టాడు, వాన నీళ్లు పోకుండా.

పైపు 240, క్లిప్పులు 40, తిరుపతి నుంచి తెప్పించిన ఒరిజినల్ మూత 780, కూలి 600. మొత్తం 1,660 రూపాయలు. ఇంజెక్టర్లు విప్పించుకోమని భాయ్ ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆ రోజు నేను ఒప్పుకునేవాణ్ణి.

లోపాలు కూడా చెప్పాలి. రాసిచ్చే బిల్లు ఉండదు. ఫోన్ ఎత్తడు. స్కానర్ లేదు, సెన్సర్ ప్రాబ్లం అయితే ఆయనే వేరే చోటికి పంపిస్తాడు. రెండు బండ్లకే చోటు. మూత వచ్చేదాకా నేను ఒక రోజు అక్కడే ఉండాల్సి వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు షెడ్డు మూస్తారు.

నాలుగు నెలలైంది. ఫుల్ ట్యాంకుతో ఘాట్ ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు, మూడో గేర్‌లో లాగుతోంది. బంకులో గన్ కూడా మధ్యలో ఊరికూరికే కట్ కావడం లేదు. గొంతు దాకా నింపడం మాత్రం మానేశాను. గన్ మొదటిసారి కట్ అయితే చాలు, ఆపెయ్యమని భాయ్ చెప్పాడు. ఎండకు డీజిల్ పొంగి మళ్లీ ఆ పైపులోకే వస్తుందట.

5కి 5 ఇస్తున్నాను. ఇలాంటి జబ్బుతో ఆయన దగ్గరికి పోయేవాళ్లు దారిలో ట్యాంక్ నింపుకునే పోండి. ఖాళీ ట్యాంకుతో పోతే భాయ్‌కి కూడా ఆ జబ్బు కనిపించదు.