గాలి తానే నింపుకునే లైఫ్ జాకెట్: కొన్ని సీజన్లు బంగాళాఖాతంలో వాడాక

తీరానికి దూరంగా చిన్న తెరచాప పడవల్లో పందేలకు వెళ్లాలనుకునేవాళ్లు లైఫ్ జాకెట్ కొనేటప్పుడు ముందుగా అది ఎన్ని న్యూటన్లదో, అంటే మనిషిని ఎంత బలంతో తేలుస్తుందో అడుగుతారు. నేనైతే గాలి నింపే మీట ఏ రకమో మొదట చూడమంటాను. మన సముద్రంలో అసలు తేడా అక్కడే వస్తుంది.

నేనుండేది తిరుపతిలో. 2022లో జిల్లాలు విడిపోయాక సూళ్లూరుపేట వైపు తీరం మా జిల్లాలోకి వచ్చింది గానీ, పందేల కోసం మాత్రం రైలెక్కి చెన్నై పోవాల్సిందే. ఎనిమిది మీటర్ల పడవలో నా పని ముక్కు దగ్గర, అంటే పడవ ముందు కొసన. జిబ్ అనే ముందు తెరచాప మార్చడం, స్పిన్నేకర్ అనే బుడగలాంటి పెద్ద తెరచాప ఎత్తడం, దించడం. మధ్యాహ్నం సముద్రపు గాలి పట్టుకున్నాక అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. ముక్కు నీళ్లలోకి దిగి లేచిన ప్రతిసారీ నడుము దాకా తడుస్తాం.

తక్కువ ధరకు వచ్చే జాకెట్లలో నీటికి కరిగే బిళ్ల ఉంటుంది. అది కరగగానే స్ప్రింగు వదులై సూది లోపలి గ్యాస్ సిలిండర్‌ను పొడుస్తుంది, జాకెట్ సంచి ఉబ్బుతుంది. అందుకు నీళ్లలో పడే పనే లేదు, అదే పనిగా మీద పడే అలలు చాలు. చేతిలో తాడు పట్టుకుని ఉండగా మెడ చుట్టూ సంచి ఉబ్బితే కింద ఏముందో కనబడదు, పని ఆగిపోతుంది. మా పడవలోనే ఒకతనికి అలా జరగడం చూశాకే నేను హైడ్రోస్టాటిక్ రకం తీసుకున్నాను. అందులో నీటి ఒత్తిడి తగిలితేనే మీట కదులుతుంది. దాదాపు 10 సెంటీమీటర్ల లోతుకు మునగాలి. ఎన్ని అలలు కొట్టినా, వర్షంలో రాత్రంతా డెక్ మీద కూర్చున్నా, నాది ఒక్కసారీ అనవసరంగా ఉబ్బలేదు. నిజంగా నీళ్లలో పడ్డప్పుడు మాత్రం కొద్ది సెకన్లలోనే నిండి నన్ను వెల్లకిలా తిప్పేసింది. ఆ ఒక్కసారికే పెట్టిన డబ్బంతా చెల్లిందనుకుంటాను.

అయితే ఆ రోజు జాకెట్ ఒక్కటే సరిపోయేది కాదు. కాళ్ల మధ్య నుంచి వచ్చే క్రాచ్ స్ట్రాప్ బిగించి ఉండబట్టే సంచి చెవుల మీదికి ఎక్కకుండా గడ్డం కిందే నిలిచింది. ఆ పట్టీ ఇబ్బందిగా ఉందని వదిలేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

టెథర్, అంటే మనిషిని పడవకు కట్టి ఉంచే కొక్కేల పట్టీ, సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రెండు మీటర్లదొక్కటే తగిలించుకుంటే మనిషి పడవ పక్కన నీళ్లలో ఈడ్చుకుపోతాడు. ఐదారు నాట్ల (గంటకు దాదాపు పది కిలోమీటర్ల) వేగంలో నోట్లోకి నీళ్లు తోసుకొస్తాయి, ఉబ్బిన జాకెట్ కూడా కాపాడలేదు. అందుకే ఒకటి పొడవు, ఒకటి మీటరు ఉన్న రెండు పట్టీల టెథర్ వాడతాను. ముక్కు దగ్గర పొట్టిదే తగిలిస్తాను. అసలు పడకుండా ఆపేది అదే. కొక్కెం ఎక్కడ పడుతోందో కూడా చూసుకోవాలి. 2017లో ప్రపంచం చుట్టే పందెంలో ఒక నావికుడి కొక్కెం క్లీట్ (తాడు చుట్టి బిగించే బిగింపు) కింద ఇరుక్కుంది. పక్క నుంచి బరువు పడేసరికి అది వంగి ఊడిపోయింది, ఆయన ప్రాణం పోయింది. నేను జాక్‌స్టే (కొక్కెం తగిలించడానికి డెక్ పొడవునా కట్టిన పట్టీ) చివర్లలో క్లీట్ దగ్గరగా ఉండే చోట ఎప్పుడూ తగిలించను. కుట్టులో దాచిన రంగు గుడ్డ బయటికి కనిపిస్తే ఆ టెథర్ మీద మోయలేని బరువు పడిందన్నమాట. ఇక దాన్ని వాడకూడదు.

ఇంటికొచ్చాక చేయాల్సిన పని కొంత ఉంది. ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. మా బోరు నీళ్లకు తెల్లటి పొర కడుతుంది కాబట్టి కొళాయి నీళ్లు పట్టి పెట్టుకుంటాను. హైడ్రోస్టాటిక్ మీటను మాత్రం నీళ్లలో ముంచకుండా తడిగుడ్డతో తుడుస్తాను. సీజన్‌కు ముందు నోటి గొట్టంతో ఊది ఒక రోజంతా వదిలేస్తే, ఎక్కడైనా కారుతుంటే తెల్లారేసరికి మెత్తబడి తెలిసిపోతుంది. నాది 150 న్యూటన్లది, లోపల 33 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పట్టే సిలిండర్. సిలిండర్ మొత్తం బరువు దాని మీదే చెక్కి ఉంటుంది. గాంధీ రోడ్డులో తెలిసిన బంగారు కొట్టు తాసు మీద పెట్టించి సరిచూస్తాను. మే నెలలో కారు డిక్కీలో వదలను, మా ఊరి ఎండకు అది తగదు.

ఇబ్బందులూ ఉన్నాయి. మెడ దగ్గర చెమట, ఉప్పు కలిసి ఒరుసుకుపోతాయి, లోపల కాలరున్న చొక్కా తప్పదు. మీటను దాని మీది తేదీ లోపు మార్చాలి, అది బిళ్ల కన్నా బాగా ఖరీదు. డింగీ (తేలిగ్గా బోల్తా పడే చిన్న తెరచాప పడవ) నడిపేవాళ్లకు దీన్ని కొనమని చెప్పను. పడవ బోల్తా పడి తెరచాప కింద ఇరుక్కున్నప్పుడు ఉబ్బిన సంచి మనిషిని బయటికి ఈదనివ్వదు, వాళ్లకు 50 న్యూటన్ల ఫోమ్ జాకెట్టే మేలు. సిలిండర్ ఉన్న పార్సిల్ అంటే చాలా కొరియర్లు వెనక్కి తగ్గుతాయి, అందుకే విడి సెట్టు ముందే కొని ఉంచుకోండి. విమానంలో అయితే జాకెట్‌కు అమర్చిన సిలిండర్లు రెండు, విడివి రెండు దాకా తీసుకెళ్లనిస్తారు. దానికి విమాన సంస్థ అనుమతి కావాలి, టికెట్ తీసుకున్న రోజే రాతపూర్వకంగా అడగండి.