చౌరస్తాల కొన్న 10 మీటర్ల ల్యాన్ కేబుల్, 250 రూపాయలు, 5కి 4 స్టార్లు

నాయిన పాత డెస్క్‌టాప్ ముందటి రూంల, నా ల్యాప్‌టాప్ ఎన్క రూంల. డెస్క్‌టాప్‌ల 52 జీబీ పాటలున్నయి, కొన్ని ఎంపీ3లు, మిగిలినయి క్యాసెట్లకెళ్లి ఎక్కించుకున్న ఒగ్గు కథలు, మేడారం జాతరల నాయిన టేప్‌రికార్డర్ మెడకేసుకొని తిరిగి రికార్డు చేసినయి, అన్నీ వేవ్ ఫైల్సే (సౌండును కుదించకుండ దాచేటియి), గంట క్యాసెట్ అంటే 600 ఎంబీ పైనే కూసుంటది. అవన్నీ నా ల్యాప్‌టాప్‌ల ఎక్కించుకోవాలె. ముందు 16 జీబీ పెన్‌డ్రైవ్‌తోని మొదలువెట్టిన. నింపుడు, పీకుడు, ఇటు ఉరుకుడు, రెండో ట్రిప్పుకే యాష్టకొచ్చింది.

ఇంట్ల నెట్ పెట్టినప్పుడు మిగిలిన ల్యాన్ వైరు (కంప్యూటర్లను కలిపేది) ఉండె, దాన్నే రెండు కంప్యూటర్లకు గుచ్చిన. పోతున్నయి గానీ సెకండుకు 11 ఎంబీ దాటుతలేదు. స్టేటస్ చూస్తే 100 ఎంబీపీఎస్ అంటది (8 ఎంబీపీఎస్ అంటే సెకండుకు 1 ఎంబీ), రెండింటికీ గిగాబిట్ పోర్టే మల్ల, అంటే 1000 దాకా పోవాలె! డౌటొచ్చి ప్లగ్గును కిటికీ కాడ వెలుతురుకు పట్టి చూసిన, లోపల నాలుగు వైర్లే. వందకైతే నాలుగు సాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలె. క్రింపింగ్ చేసిన (వైరు కొసకు ప్లగ్గు బిగించిన) పిలగాడు మిగిలిన నాలుగు కట్ చేసి పడేసిండు.

అందుకే హన్మకొండ చౌరస్తా కాడికి పోయిన. షాపాయన క్యాట్ 6 (గిగాబిట్‌కు సరిపోయే రకం కేబుల్) ఇచ్చిండు, నేను వైర్ల ముచ్చట చెప్పంగనే నవ్వి "ఆగన్నా" అని టెస్టర్ తీసి రెండు కొసలు పెట్టిండు, 1 నుంచి 8 దాకా లైట్లు ఒక్కొక్కటి ఎలిగినయి. అడగకముందే చూపిచ్చిండు, గది నచ్చింది.

మధ్యల రౌటర్ అక్కర్లేదు, ఎనకటి లెక్క క్రాసోవర్ కేబుల్ (రెండు కంప్యూటర్లను నేరుగా కలపనీకి లోపల వైర్లు అటిటు మార్చినది) గూడ అక్కర్లేదు, గిగాబిట్ పోర్టులు వాటికవే సర్దుకుంటయి. ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌ల కంప్యూటర్ నంబరు) ఒకదానికి 192.168.50.1, ఇంకోదానికి 192.168.50.2, సబ్‌నెట్ 255.255.255.0 ఇచ్చి నెట్‌వర్క్‌ను ప్రైవేట్ చేసి ఫోల్డర్ షేర్ చేసిన. అయినా ఊకే పాస్‌వర్డ్ అడుగుడే, అరగంట పాయె. తీరా జూస్తే నాయిన కంప్యూటర్‌కు పాస్‌వర్డే లేదు, పాస్‌వర్డ్ లేని అకౌంట్‌ను విండోస్ నెట్‌వర్క్‌ల నుంచి లోపటికి రానియ్యదట. ఒకటి పెట్టిన, తెరుసుకున్నది.

ఈసారి స్టేటస్‌ల 1.0 జీబీపీఎస్, అంటే పూరా గిగాబిట్. పెద్ద వేవ్ ఫైల్స్ సెకండుకు 70 ఎంబీ దాకా ఉరికినయి, చిన్న ఎంపీ3లు వచ్చేసరికి 30కి పడ్డది, అది కేబుల్ తప్పు కాదు, పాత హార్డ్‌డిస్క్ ఒక్కో ఫైల్ ఎతుక్కునుడు. మొత్తం 20 నిమిషాలు పట్టిందేమో. తెలుగుల పెట్టిన ఫైల్ పేర్లు గూడ ఉన్నయి ఉన్నట్టే వచ్చినయి.

ఒక స్టార్ ఎందుకు కోసిన్నంటే ప్లగ్గు మీది క్లిప్పు మరీ పల్చగున్నది, రెండోసారి పీకంగనే ఒక దిక్కుది ఇరిగింది, టేపు ఏసి నడిపిచ్చిన. వైరు గూడ బిరుసు, తలుపు కింద పండుకోదు. అమ్మకు రెండుసార్లు కాలుకు తట్టింది, మూడోసారి తట్టకముందే చుట్టి సజ్జ మీద పడేసింది.