అలీసియా దె లారోచా వాయించిన 'ఇబేరియా': అల్బేనిజ్ తొలినాళ్లూ చివరి రోజులూ ఒకే సంపుటంలో

స్పెయిన్ పియానో సంగీతంతో పరిచయం కోరేవారికి నేను మొదట సూచించేది ఆ దేశపు పియానో వాదకురాలు అలీసియా దె లారోచా 1980లలో డెక్కా సంస్థ కోసం రికార్డు చేసిన రెండు డిస్కుల సంపుటం. స్పెయిన్ స్వరకర్త ఇసాక్ అల్బేనిజ్ రచనలైన 'ఇబేరియా', 'నవార్రా', 'సూట్ ఎస్పన్యోలా' మూడూ ఇందులో ఉన్నాయి. 1989లో దీనికి గ్రామీ పురస్కారం లభించింది. అయితే నా దృష్టిలో దీని విలువ వేరే చోట ఉంది. సరదాగా, సులువుగా రాసిన యువకుడూ, మరణానికి ముందు అత్యంత క్లిష్టమైన రచన చేసిన రోగీ ఒకే మనిషని ఈ వాదనం వింటేనే బోధపడుతుంది.

అల్బేనిజ్ 1860లో కాటలోనియాలోని కంప్రొదోన్ పట్టణంలో పుట్టి, బాలమేధావిగా పేరు తెచ్చుకున్నాడు. ఇంటినుంచి పారిపోయి ఓడలో దొంగచాటుగా అమెరికా ఖండానికి చేరాడన్న కథ చాలాకాలం చలామణీ అయింది గానీ, నిజానికి ఆ ప్రయాణం కస్టమ్స్ ఉద్యోగి అయిన తండ్రి వెంట జరిగిందే. ప్రఖ్యాత పియానో వాదకుడు ఫ్రాంజ్ లిస్ట్ దగ్గర నేర్చుకున్నానని ఆయన చెప్పుకున్న మాట కూడా పరిశోధకుల ముందు నిలవలేదు. అసలైన శిక్షణ బ్రసెల్స్ కన్సర్వేటరీలో దొరికింది. అక్కడ 1879లో ప్రథమ బహుమతి పొందాడు. బార్సెలోనాలో సంగీతవేత్త ఫెలీప్ పెద్రెల్ ప్రోత్సాహంతో స్వదేశపు జానపద బాణీల వైపు మళ్లాడు. ఆ తరువాత లండన్‌లో కచేరీలు, ఒపేరాలు, పారిస్‌లో అధ్యాపకత్వం. వాదకుడిగా వేదిక దాదాపుగా విడిచిపెట్టి, మూత్రపిండాల వ్యాధితో బాధపడుతూ, 1905 నుంచి 1908 వరకు రాసిన పన్నెండు రచనలే 'ఇబేరియా'. 1909 మే 18న, నలభై తొమ్మిదో పుట్టినరోజుకు పదకొండు రోజుల ముందు, ఆయన కన్నుమూశాడు.

'ఇబేరియా' కష్టం వేగంలో మాత్రమే లేదు. రెండు చేతులూ ఒకే మీటల మీద ఒకదానిలోకి ఒకటి చొరబడుతూ వాయించాలి. ఆ చిక్కుముడి నడుమ ఒక పాట వినబడుతూనే ఉండాలి. లారోచా ఐదడుగుల ఎత్తు కూడా లేని మనిషి, చేతులు చిన్నవి. అయినా ఈ రికార్డింగులో స్వరాలు ముద్దగా కలిసిపోయిన చోటు నాకు ఒక్కటీ కనబడలేదు. ఆమె గురువు ఫ్రాంక్ మార్షల్, అల్బేనిజ్ మిత్రుడైన స్వరకర్త గ్రనాదోస్‌కు శిష్యుడు. ఈ సంగీతం ఆమెకు పరంపరగా అందింది. సెవిల్యా నగరంలో కార్పస్ క్రిస్టీ అనే క్రైస్తవ పండుగనాటి ఊరేగింపును చిత్రించే మూడో రచన వినండి. దూరపు డప్పుల చప్పుడుతో మొదలై, జనం దగ్గరికొచ్చేకొద్దీ పియానో మొత్తం మోగిపోతుంది. ఆ హోరు మధ్య భక్తిగీతం ఒకటి ఎలుగెత్తుతుంది. చివర వీధి ఖాళీ అయినట్లు ధ్వని సన్నగిల్లుతుంది. తక్కువ ధ్వనితో వాయించమని సూచించే 'పి' అక్షరాన్ని అల్బేనిజ్ కొన్ని చోట్ల వరుసగా ఐదు సార్లు రాశాడు. లారోచా దాన్ని అక్షరాలా పాటించింది, అంత తక్కువ ధ్వనితో వాయిస్తున్నప్పుడు కూడా లయ బిగువు సడలనివ్వలేదు.

కర్ణాటక సంగీతం తెలిసిన తెలుగు శ్రోతకు ఇక్కడ ఒక చిరపరిచయం ఎదురవుతుంది. దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియా బాణీల్లో తరచుగా వినబడే, పాశ్చాత్యులు ఫ్రిజియన్ అని పిలిచే స్వరస్థానాలు హనుమతోడి మేళానివే; వాటిలో గాంధారం అంతరమైతే వకుళాభరణం. గమకం లేదు కాబట్టి అది తోడి కాదు, కాని షడ్జం మీదికి శుద్ధ రిషభం దిగే తీరు చెవికి కొత్తగా అనిపించదు.

'సూట్ ఎస్పన్యోలా' చాలా తేలికైన రచన. అందులో గిటారు ద్వారా లోకమంతా ఎరిగిన 'అస్తూరియాస్' నిజానికి పియానో కోసం రాసినదే. స్పెయిన్ ఉత్తరాన ఉన్న ఆ పేరుగల ప్రాంతంతో దానికి సంబంధమేమీ లేదు, ఆ శీర్షిక పెట్టింది ప్రచురణకర్తలు. లారోచా దీన్ని ఆర్భాటం లేకుండా, పొడిపొడిగా మీటిన తీగల్లా వాయించింది.

లోపాలు లేకపోలేదు. ఆమె గతంలో చేసిన 'ఇబేరియా' రికార్డింగుల్లో ఉన్న ఉరవడి ఇక్కడ కొంత తగ్గిందని, ముఖ్యంగా మాడ్రిడ్‌లోని ఒక పేట పేరు పెట్టిన 'లవపియెస్' రచనలో మరికొంత దూకుడు ఉండాల్సిందని నాకనిపిస్తుంది. అల్బేనిజ్ అసంపూర్ణంగా విడిచిన 'నవార్రా'ను మిత్రుడు దెయొదా దె సెవెరాక్ ముగించాడు. ఆ ముగింపు హడావుడిగా ఉంటుంది, దాన్ని ఏ వాదకులూ పూర్తిగా కప్పిపుచ్చలేరు. గంటకు పైగా సాగే 'ఇబేరియా'ను ఒకే విడతలో వినడం కూడా నేను సిఫారసు చేయను. ముందుగా 'సూట్ ఎస్పన్యోలా', ఆపై 'ఇబేరియా'లోని 'ఎవొకసియోన్', 'త్రియానా' విని, మిగిలినవాటిని రోజుకు ఒక సంచిక (మూడు రచనలు) చొప్పున, మంచి హెడ్‌ఫోన్లతో వినండి.