పడవను బట్టే కాంగ్స్‌ఫ్యోర్డెన్

నార్వేకి ఉత్తరాన ఆర్కిటిక్‌లో ఉన్న దీవుల సముదాయం స్వాల్బార్డ్. అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ధ్రువపు ఎలుగుబంటి కనిపిస్తుందా అని. నన్నడిగితే, డబ్బు కట్టేముందు తేల్చుకోవాల్సింది పడవ హిమానీనదం ఎదుట ఎంతసేపు ఆగుతుందనేది.

అక్కడి ప్రధాన ఊరు లాంగ్‌యియర్‌బ్యెన్ నుంచి కాంగ్స్‌ఫ్యోర్డెన్ అనే ఫియర్డ్‌కి రోడ్డు లేదు. వేసవిలో పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే వేగపు పడవలున్నాయి. అందులో వెళ్లొచ్చినవాళ్లు మా గెస్ట్‌హౌస్‌లో కలిశారు. రోజంతా కూర్చోవడమే సరిపోయిందట. మేము రాత్రిళ్లు కూడా ఓడలోనే ఉండే చిన్న ఓడ తీసుకున్నాం. క్యాబిన్ ఇరుకు, ఖర్చు చాలా ఎక్కువ. అయినా మళ్లీ వెళితే అదే ఎక్కుతాను.

ఎందుకంటే అసలు విషయమంతా ఫియర్డ్ కొసన ఉంది. ఇది 20 కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకుపోయిన సముద్రపు పాయ. వెనకాల ‘మూడు కిరీటాలు’ అని పిలిచే డానా, నోరా, స్వేయా కొండలు. ముందు క్రోనెబ్రెయెన్, కాంగ్స్‌వేగెన్ అనే రెండు హిమానీనదాలు పక్కపక్కనే సముద్రంలోకి దిగుతాయి. రెండోది దశాబ్దాలపాటు దాదాపు కదల్లేదు. మొదటిది స్వాల్బార్డ్‌లో అన్నిటికన్నా వేగంగా జారేవాటిలో ఒకటి. లోపలికి పోయేకొద్దీ నీలం పోయి నీళ్లు ఎర్రబడతాయి, వరదొచ్చిన గోదావరిలా. హిమానీనదం ఎర్ర ఇసుకరాయిని నూరి తెస్తుంది మరి.

అక్కడ ఆగితేనే తెలిసేది ఇంకొకటి. కరిగిన నీరు మంచు అడుగునుంచి లోతులో బయటపడుతుంది. ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి పైకి ఉబుకుతూ, దారిలో చిన్న జీవులను కూడా మోసుకొస్తుంది. కిట్టివేక్ పక్షులు ఆ ఉబికే చోటే గుంపులుగా మూగుతాయి. మంచు ఎప్పుడు విరిగిపడి అల లేస్తుందో చెప్పలేం కనుక రబ్బరు పడవను దూరంగానే ఆపుతారు. దగ్గరికి పోనివ్వలేదని కొందరు సణిగారు గానీ, గైడ్ చేసిందే సబబు.

ఈ ఫియర్డ్ నోటి దగ్గర నీటి అడుగున ఎత్తైన అడ్డుగట్టు లేదు. అందుకే అట్లాంటిక్ వెచ్చని నీరు లోపలికి వచ్చేస్తుంది. 2006 తర్వాత చలికాలంలో కూడా సరిగా గడ్డకట్టని ఏడాదులే ఎక్కువ. బ్లోమ్‌స్ట్రాండ్ ద్వీపకల్పమని పటాల్లో రాసుకున్న నేల, 1990లలో మంచు వెనక్కి పోయాక ద్వీపమని తేలింది. దానిమీద ఎర్నెస్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు ఆయన పెట్టిన పాలరాతి క్వారీ శిథిలాలున్నాయి. మంచుకు బీటలు వారిన రాయి పనికిరాకుండా పోయింది. తుప్పుపట్టిన యంత్రాలను చూడ్డానికి ఓడ ఇక్కడ దింపుతానంటే తప్పక దిగండి.

ఈ ఫియర్డ్ ఒడ్డునే ఉన్న నీ-ఓలెసుండ్‌ చూడ్డానికి గంటన్నర చాలు. ఒకప్పటి బొగ్గుగని ఊరు. 1962 ప్రమాదంలో 21 మంది పోయాక గని మూసేశారు, ఇప్పుడు పరిశోధనా కేంద్రాలు. 1926లో నార్వే ధ్రువ అన్వేషకుడు అముండ్‌సెన్ బృందం గాలిఓడ ‘నోర్గె’ను కట్టిన స్తంభం ఇంకా నిలబడే ఉంది. మన దేశపు పరిశోధనా కేంద్రం హిమాద్రి 2008 నుంచి ఇక్కడుంది, బయటినుంచే చూడాలి. 2014లో మనవాళ్లు ఫియర్డ్ నీళ్లలో దింపిన పరికరాల తీగ ఇండార్క్ అసలే కనిపించదు. రేడియో పరికరాలకు అడ్డొస్తాయని ఫోన్లో వైఫై, బ్లూటూత్ ఆపేయమంటారు. దుకాణంలో వస్తువులకన్నా ధరలే ఎక్కువ గుర్తుంటాయి.

బసకు లాంగ్‌యియర్‌బ్యెన్‌లో నీబ్యెన్ వైపు పాత గని కార్మికుల బ్యారక్‌లు కొంత చవక. బాత్‌రూమ్ ఉమ్మడి, ఊళ్లోకి నడక ఎక్కువ. గుమ్మంలోనే బూట్లు విప్పాలి. మా గదికి కర్టెన్లు పలచన. అర్ధరాత్రి ఎండలో నిద్రపట్టక కళ్లకు కండువా కట్టుకున్నాం. శాకాహారులు పచ్చళ్లు, పొడులు తెచ్చుకోవడం మంచిది. మందపాటి సూట్లు మాత్రం కొనకండి, రబ్బరు పడవ ఎక్కేటప్పుడు వాళ్లే ఇచ్చారు.

వీసా సంగతి: స్వాల్బార్డ్‌కి వేరే వీసా అక్కర్లేదు కానీ అది ఐరోపా దేశాల ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంగెన్ బయట. నార్వే మీదుగా వెళ్లి రావాలి కాబట్టి రెండుసార్లు ప్రవేశానికి వీలున్న షెంగెన్ వీసానే అడగండి. ఒక్కసారి వీసాతో వెళితే తిరుగు ప్రయాణంలో ఇరుక్కుంటారు.