దుబాయ్ అబ్రా పడవ: ఒక్క దిర్హమే, కానీ ఆగస్టు మధ్యాహ్నం మాత్రం ఎక్కకండి

మా ఆఫీసులో ఒక ఇంగ్లండాయన ఉన్నారు. వచ్చి రెండేళ్లయింది. మెరీనాలో ఫ్లాటు, దాని కింద పార్కింగు, అక్కణ్ణించి ఆఫీసు పార్కింగు, శనివారమైతే మాల్ పార్కింగు, ఇంతే ఆయన చూసిన దుబాయ్. ఊరి నడుమ పారే సముద్రపు పాయ, క్రీక్, ఎప్పుడూ దాటలేదంటే నాకే అదోలా అనిపించి నేను తీసుకెళ్తానన్నాను. సాయంత్రం ఐదుకి వెళ్దామంటే వినలేదు, ఎండంటే ఆయనకిష్టమట. సరే, రండి అన్నాను.

మెట్రో గ్రీన్ లైన్‌లో అల్ రాస్ దగ్గర దిగాం. ఏసీలోంచి బయట అడుగు పెట్టగానే ఇద్దరి కళ్లజోళ్లూ ఆవిరి పట్టి తెల్లబడ్డాయి. మా రామగుండం మే నెల ఎండే నయం, కనీసం చెమట ఆరుతుంది, ఇక్కడ ఆగస్టులో సముద్రపు తేమ కూడా కలిసి మనిషిని ఇడ్లీలా ఉడికిస్తుంది. గోల్డ్ సూక్‌లో, అంటే బంగారం బజారులో, అద్దాల వెనక పెట్టిన 64 కిలోల ఉంగరం ముందు ఫోటో దిగి మసాలా సూక్‌కి వెళ్లేసరికి ఒంటిగంట, షట్టర్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా చాలా షాపులు మూసేస్తారు, ముందే చెప్పాను కూడా. తెరిచున్న ఒక్క షాపులో కుంకుమపువ్వుకి ఆయన అడిగినంతా ఇచ్చేయబోతుంటే నేను అడ్డుపడి సగానికి దించాను. ఆ షాపాయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఇక అసలు సంగతి, అబ్రా. చెక్క పడవ, నడుమ బల్ల, ఇటు పదిమంది అటు పదిమంది వీపులానించుకుని నీళ్ల వైపు కూర్చుంటారు, పడవ నడిపే ఆయన మధ్యలో గుంటలాంటి చోట నిలబడి చుక్కాని పట్టుకుంటాడు. చుట్టూ రెయిలింగు లేదు, చిన్న పిల్లలుంటే గట్టిగా పట్టుకోండి. దిర్హం నాణెం చేతిలో పెట్టడమే, చిల్లర లేకుండా వెళ్లొద్దు. నిండితేనే కదులుతుంది, ఆ నిండేదాకా ఉన్న నాలుగు నిమిషాలే నరకం, మా ఇంగ్లండాయన మొహం పండుమిరపకాయైంది. కదిలాక మాత్రం గాలి తగిలి ప్రాణం లేచొచ్చింది. మేం ఎక్కిన డేరా ఒడ్డున ఇరాన్ వెళ్లే పెద్ద చెక్క ఓడల మీద ఫ్రిజ్‌లు, టైర్లు తాళ్లతో కట్టి ఉన్నాయి. ఆయన నోరు తెరుచుకుని చూస్తుండగానే అవతలి ఒడ్డు వచ్చేసింది.

దిగిన చోట నీడలో ఇంటికి డబ్బు పంపడానికొచ్చిన జగిత్యాల తమ్ముడొకడు కూర్చున్నాడు. నా ఫోన్‌లో తెలుగు విని పలకరించాడు. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని రూలుంది కదా, అందుకే అన్నాడు: "అన్నా, గీ టైంల మమ్మల్నే ఎండల పని చెయ్యనియ్యరు, నువ్వు పాపం ఆ తెల్లాయనను తిప్పవడ్తివి." ఏం చెప్తాం. బఖాలాలో, అంటే చిన్న కిరాణా కొట్టులో, చల్లటి లబన్ (మజ్జిగ) మూడు కొని ముగ్గురం తాగాం.

భోజనం గురించి తక్కువ చెప్పుకుంటే మంచిది. పాత ఇంటిని హోటల్ చేసినదొకటి, పేరెందుకులే, ఏసీ పేరుకే తిరుగుతోంది, అన్నం చల్లారింది, బిల్లు మాత్రం వేడివేడిగా వచ్చింది. దానికి ఒక్క స్టారు, అదీ బాత్‌రూమ్ శుభ్రంగా ఉన్నందుకు.

కాళ్లీడ్చుకుంటూ అల్ ఫహీదీ అనే పాత పేట సందుల్లోకి వెళ్లాం. ఇళ్ల మీద బర్జీల్ అనే గాలి గోపురాలుంటాయి, కరెంటు లేని రోజుల్లో పైన వీచే గాలిని పట్టి కింది గదిలోకి దించేవి. ఒకదాని కింద నిలబడితే నిజంగానే తలమీద గాలి ఆడింది. ఇంగ్లండాయన అక్కణ్ణించి పది నిమిషాలు కదల్లేదు.

ఐదు దాటాక మళ్లీ అబ్రా ఎక్కాం. ఎండ వాలింది, మసీదుల మీద పావురాలు, అదే పడవ, ఇప్పుడు వేరే ఊరిలా ఉంది. పడవకి అయిదుకి అయిదు స్టార్లు. పడవ మొత్తం మనకే కావాలంటే గంటకి 120 దిర్హమ్‌లు అడిగారు, అక్కర్లేదు, జనంతో వెళ్తేనే బాగుంటుంది. ఒడ్డు చేరాక ఆయన జేబు తడుముకుని ఇంకో నాణెం తీసి, అటు వెళ్లొద్దామా అన్నారు. నాకు ఓపిక లేదు, మీరు వెళ్లి రండి, ఇక్కడే కూర్చుంటానన్నాను.